పదిహేను వందల అరవై

జూలై ఆఖరి వారం.
వశిష్ఠలోకి ఎర్రనీళ్లు దిగే రోజుల్లోనే
నా కొట్టుకీ జనం వస్తారు,
ఫారం పదహారు తడవకుండా
ఎరువుల సంచి ముక్కలో చుట్టుకుని.

రాజోలు బస్టాండు ఎదురు, ఒకప్పటి క్యాసెట్ల షాపు.
గోడకి ఆ అరలు ఇంకా అలాగే ఉన్నాయి.
పాటలుండే చోట పాన్ కార్డుల జిరాక్సులు.

నేలపూడి సువార్త, హెల్త్ సూపర్‌వైజరు,
టీకాల డబ్బా బల్ల మీద పెట్టి
"లక్షన్నర వస్తుందటండి" అంది.
ఎవరన్నారమ్మా?
"బండి అమ్మినాయన.
కరెంటు బండి కొంటే గవర్నమెంటు
లక్షన్నర వెనక్కిస్తుందన్నాడు.
మా ఆయన ఇంటి రేకులకి బయానా కూడా ఇచ్చేశాడు."

లక్షన్నర గట్టు ఎత్తమ్మా, అన్నాను,
నీటి మట్టం కాదు.
గట్టు ఎంత పొడుగున్నా
కాలవలో ఉన్నన్నే నీళ్లు.
బండి ఖరీదుకి కాదు, తెచ్చిన అప్పుకీ కాదు,
ఆ అప్పు మీద కట్టిన వడ్డీకి.
ఆ వడ్డీ అయినా చేతికి రాదు,
నీ ఆదాయంలోంచి తీసేసి పన్ను కడతారు, అంతే.
అదీ పాత పద్ధతి ఎంచుకుంటేనే.
కొత్త పద్ధతిలో ఈ గడే లేదు.

అప్పు మంజూరైంది ఇరవై మూడు ఫిబ్రవరిలో.
ఇంకో రెండు నెలలు ఆగి ఉంటే
ఈ తలుపూ మూసేసేవారు.
ఏడాది వడ్డీ ఏడు వేల నాలుగు వందల ఎనభై.
అందులో ఇరవై శాతం, పైన సెస్సు.
జీతంలో ముందే కోసుకున్న దాంట్లోంచి
తిరిగొచ్చేది పదిహేను వందల అరవై.

డబ్బాలో ఐసు ముక్క జారిన చప్పుడు.
"పోన్లెండి, నా డబ్బే కదా" అంది కాసేపటికి.
పదేళ్లుగా నేను చెప్పలేని మాట
అంత తేలిగ్గా అనేసింది.

వెనక బెంచీ మీంచి లేచాడు చింతా దుర్గబాబు,
తాటిపాక సెంటర్లో కరెంటు ఆటో.
"మరి నాకండీ? నేను పంతొమ్మిది వేలు కట్టాను వడ్డీ."
నీకు పన్ను ఎంత పడింది?
"పన్నా? నాకా?"
అయితే ఏం రాదు బాబూ.
పొయ్యని నీళ్లు తోడుకోలేం.
"అంటే మీ కంప్యూటరు కూడా
నేను లేనోణ్ణనే తేల్చింది" అని నవ్వాడు.
నేను నవ్వలేదు.
టైరు కొన్నా టీపొడి కొన్నా వాడు కట్టేదానికి
ఫారం పదహారు ఎవరిస్తారు?

సెప్టెంబరులో, లంకల్లో నీళ్లు తీసి
ఒండ్రు ఆరుతున్న ఓ మధ్యాహ్నం,
సువార్త ఫోను.
"పడిందండి. పదిహేను వందల అరవై, పైసా తేడా లేదు.
కానీ వరదకి ఇంట్లో దూరిన ఎలక
బండి వైరు కొరికేసింది.
మెకానిక్కు పద్నాలుగు వందల యాభై తీసుకున్నాడు."
కాస్త ఆగింది. రేవులో పంటు ఇంజను మోత.
"నూటపది మిగిలింది.
ఇంతకీ ఆ రోజు మీ ఫీజు ఎంతన్నారు?"