నాలుగో నంబరు సిస్టం

మిర్యాలగూడ. రైస్ మిల్లుల ఎనక గల్లీ.
మౌసు మీద ఊక దుమ్ము.

పన్నెండు విమానాలు చేసిన,
ఉన్న గ్యాసంతా వాటికే ఊడ్చి పెట్టిన.
పక్క సిస్టం నుంచి హరిలాల్ నవ్విండు:
"నేల మీద ఒక్కడు లేడు గదరా నీకు!"

లేడు.
నేల సంగతి నాకు ఎరికే.
బస్తా కింద మా నాయిన మెడ కనబడదు.
అందుకే నా దండుకు కాళ్లు పెట్టలే.

అన్నిట్ల నాకు పానం ఆ చిన్నదాని మీద,
తుపాకి లేనిది.
చీకటి మ్యాపు మీద ఒక్కతే పోతది.
పోయినంత మేర గుట్టలు, రాళ్లు, పగోని దీపాలు.
దాటినంక మళ్ల చీకటే మూసుకుంటది.

కొట్టుమని క్లిక్కు చేసిన.
పదకొండు లేచినయి,
చిన్నది ముంగట.
"నాలుగో నంబర్, టైమైంది!"
సైదులన్న కేక.
స్క్రీనుకు తాళం.

జేబుల రెండు రూపాయలు.

హరిలాల్ ఇంకా ఆడుతనే ఉన్నడు.
వాని ఆకాశంల నావి
చెప్పేటోడు లేక ఉన్నకాడనే ఆగి
ఒక్కొక్కటే పేలుతున్న చప్పుడు
వాని హెడ్‌ఫోన్ల నుంచి సన్నగ.

"చిన్నది ఉన్నదారా?" అడిగిన.

"ఏ చిన్నది?" అన్నడు.