మూడింట్లో రెండు

సూర్యారావుపేటలో
ఎన్ని కడుపునొప్పులో అన్ని బోర్డులు.
మెట్లెక్కి చీటీ రాయించుకుని లోపలికెళ్తే
"ఆఖరి నెలసరి ఎప్పుడు?" అంది డాక్టరమ్మ,
కళ్లు కాగితం మీదే ఉంచి.

ఏ ట్రిప్పులో ఎన్ని టికెట్లు తెగాయో అడగండి,
మిషను చూడకుండా చెప్తాను.
ఇది మాత్రం
బుడమేరు మా సింగ్‌నగర్ వీధిలో
నడుముదాకా నిలబడిన వారం.
మేడ మీద, పక్కింటావిడ పాత చీర చించి ఇచ్చింది,
అందుకని గుర్తు.
"అంటే నాలుగు నెలలా?"
మధ్యలో ఒక మరక కనపడిందండీ,
లెక్కకొస్తుందో రాదో.
ఏడాదికెన్నిసార్లు అనడిగింది.
ఒక చేతి వేళ్లు సరిపోయాయి.

"మాస్కు తీయమ్మా."
కరోనా పోయినా దాన్ని వదల్లేదు నేను.
దుమ్మండీ, మైలవరం రోడ్డు, అన్నాను.
తెల్లారి గడ్డం కింద పీకినవి
మధ్యాహ్నం డ్యూటీకి తేలతాయి.
ఆవిడ టార్చి వేసి చూసింది. ముఖం చిట్లించలేదు.
పై పెదవి, గడ్డం, బొడ్డు కింద అంటూ
ఒక్కో చోటికి ఒక్కో అంకె వేసుకుంది.
ఇన్నేళ్లూ అద్దం ముందు పడ్డ సిగ్గుకి
మార్కులుంటాయని నాకు తెలీదు.

రక్తం మూడో రోజు తీయాలట.
రాని నెలకి మూడో రోజెక్కడుంటుందండీ?
నవ్వి, రప్పించడానికి మాత్రలు రాసింది.
థైరాయిడ్డు, ప్రొలాక్టిను, ఇంకేదో నోరు తిరగని పేరు.
"అవి కావని తేలాకే ఇదంటాం."
పర్సు పోయిందని ఎవరో అరిస్తే
ముందు సీట్ల కింద వెతికినట్టు.
పరగడుపున గ్లూకోజు నీళ్లు తాగించి
రెండు గంటలు కూర్చోమన్నారు.
పదకొండేళ్ల సర్వీసులో
పట్టపగలు రెండు గంటలు కూర్చున్నది అదే.

స్కాను గది ముందు
ఆడో మగో అడగడం నేరమన్న బోర్డు,
దాని కింద రిజిస్టరు. భర్త పేరు, అని గడి.
గీత కొట్టి
సువార్తమ్మ కూతురు, అని రాశాను.
నీళ్లు బాగా తాగి ఆపుకోవాలక్కా, అంది అక్కడి పిల్ల.
ఆపుకోవడం నాకు నేర్పుతోంది!
బస్టాండు నుంచి తిరువూరు దాకా
ఆడమనిషి దిగడానికి చాటులేని రోడ్డు నాది.
డ్రైవరు సుభానీ ఒక్కడే
అడక్కుండా బంకు దగ్గర బండి ఆపి
టైరు చూస్తానని అటు తిరుగుతాడు.

చల్లటి జెల్లు. తెర మీద బూడిద రంగు.
అంచు వెంబడి నల్లగా చిన్న చిన్న గుండ్రాలు.
ముత్యాల దండలా ఉంటాయంటారు, అన్నాడు స్కాను డాక్టరు.
నాకలా కనపడలేదు.
కిక్కిరిసిన బండిలో
అంచులకి అతుక్కున్న జనం.
స్టాపొస్తుంది, బెల్లు కొడతాను,
ఒక్కరూ దిగరు.
ఇరవై దాకా లెక్కపెట్టి ఆయన ఆపేశాడు.
నేనాపలేదు. అలవాటు.
"గడ్డలాండీ?"
"కాదు, సగం ఎదిగి ఆగిన గుడ్ల సంచులు. పేరే తప్పు పడింది."

వారం తర్వాత మళ్లీ ఆ మెట్లు.
మూడింట్లో రెండుంటే చాలమ్మా, అంది డాక్టరమ్మ.
నెల తప్పడం, మగ హార్మోను వాలకం, అండాశయం తీరు.
నీకు మూడూ ఉన్నాయి.
మొదటి రెండూ ఆ రోజు కుర్చీలోనే కనపడ్డాయి.

కుర్చీలోనే.
పంతొమ్మిదేళ్లప్పుడు ఇంకో కుర్చీలో కూర్చున్నాను,
ఇదే వీధి, నాలుగు బోర్డుల అవతల.
పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయని
చీటీ మీద రాయకుండా నోటితో చెప్పి
నూటయాభై తీసుకున్నాడు.
అప్పుడూ ఆ రెండూ ఉన్నాయి,
నా గడ్డం మీదా, నా కేలండర్లోనూ.
లెక్కపెట్టేవాడు లేడంతే.

రిపోర్టు మడిచి క్యాష్ బ్యాగులో పెట్టాను.
డ్యూటీకి ఇంకా నలభై నిమిషాలుంది.
కిందికి దిగి
బాత్రూం ఎటండీ, అని వాచ్‌మన్ని గట్టిగా అడిగాను,
వరండా అంతా వినేలా.
తాళం చెవి ఎవరి దగ్గరుందో చూడాలన్నాడు.
చూడండి, అని
అక్కడే నిలబడ్డాను.