బేసిన్ బ్రిడ్జి దగ్గర

సూళ్లూరుపేట నుంచి వచ్చే తెల్లవారుజాము లోకల్
రోజూ ఇక్కడ ఆగుతుంది.
మసకలో సెంట్రల్ గడియారం కనిపిస్తూనే ఉంటుంది,
రైలు మాత్రం కదలదు.
అరవంలో ఒకరు, తెలుగులో ఇద్దరు
సిగ్నల్‌ని తిడుతుంటారు.
నేను తిట్టను.
ఎందుకో చెబితే నవ్వుతారు.

నా పని కీల్పాక్‌లో, మెట్లెక్కితే రెండో అంతస్తు ల్యాబు.
మైనపు దిమ్మలో పోతపోసిన మాంసపు ముక్కని
వెంట్రుకలో ఇరవయ్యో వంతు మందాన కోస్తాను.
గోరువెచ్చని నీళ్ల మీద ఆ పొర
మీగడలా ముడతలు విప్పుకుంటుంది,
గాజుపలక మీదికి ఎత్తుకుంటాను.
రంగులు రెండే.
కేంద్రకాలకి ఊదా, మిగతా అంతటికీ గులాబి.
పదమూడేళ్లుగా నా గోళ్ల అంచున ఆ ఊదా పోలేదు.

బాగున్న కణం తొందరపడదు.
రెండుగా చీలే ముందు తన రాతంతా
నకలు రాసుకుంటుంది, ఆరువందల కోట్ల అక్షరాలు.
రాసి, ఊరుకోదు, చదువుకుంటుంది.
తప్పుంటే ఆగుతుంది. దిద్దుతుంది.
దిద్దలేనంత తప్పయితే
తన దీపం తనే ఆర్పుకుంటుంది,
పక్కింటికి పొగ కూడా తగలనివ్వకుండా.
ఈ రైలు ఇక్కడ ఆగినంత సేపట్లో
నాలో, నన్ను ఒరుసుకుని నిలబడ్డవాళ్లలో
ఎన్ని కోట్లు అలా వెళ్లిపోయాయో.
ఎవరూ బొట్టు చెరుపుకోలేదు.

పోయిన నెల బ్లేడు నా చూపుడువేలు చీరింది.
రెండు గట్ల నుంచీ కణాలు పరుగెత్తుకొచ్చాయి,
మధ్యలో భుజం భుజం తగిలింది,
ఆగిపోయాయి.
ఒక్క వరసైనా ఎక్కువ కట్టలేదు.
ఎవరు చెప్పారు వాటికి?
విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి
చాలు అన్నదెవరు?

పెంచలమ్మ పొన్నేరిలో ఎక్కుతుంది, మల్లెల బుట్టతో.
మోచేతి నుంచి వేలికొసదాకా కొలిచి,
తెంచే ముందు ఇంకో నాలుగు పూలు జరుపుతుంది.
"ఉండనీమే, కొసరు."
ఎడమ చేతి మీద కొలిచేది
ఉగాది దాటాక కుడిచేతికి మార్చింది.
"చెయ్యి బరువుగా ఉందిమే. చంకలో గింజ.
నొప్పి లేదు. నొప్పి లేందానికి డాక్టరెందుకు?"
నేనే తీసుకెళ్లాను.

నిన్న నా ముందుకొచ్చిన దిమ్మ మీద పేరు లేదు, అంకె ఉంది.
చీటీ మీద ఆ అంకె వేసింది నేనే.
కొయ్యడం, రంగెయ్యడం వరకే నా పని,
చూసి చెప్పడం డాక్టర్ సుధామతి గారిది.

చూశాను.

వరసల్లేవు. ఒకదాని మీద ఒకటి, తోసుకుంటూ.
కేంద్రకాలు సిరా ఒలికినట్టు ఉబ్బి,
రెండుగా చీలాల్సిన చోట
మూడు వైపులకి లాక్కుంటోంది ఒకటి.
ఆగమనే దీపం ఎప్పుడో ఆరిపోయింది,
చావడం మరిచిపోయాయవి.
బయటినుంచి వచ్చిన దొంగలు కాదు,
ఆమె ఒంట్లో పుట్టినవే, ఆమె రాతే,
ఏ మధ్యాహ్నమో ఆమె పూలు కడుతుండగా
దిద్దుకోకుండా దాటేసిన ఒక అక్షరం.
ఒక్కటితో కాదట. ఏళ్ల మీద ఏళ్లు
ఒక తాళం తర్వాత ఇంకో తాళం విరగాలట.
ఎవరూ అడగని కొసరు,
తెంచేవాళ్లు లేని మూర.

ఈ పొద్దున ఆమె నా పక్కనే కూచుంది.
"చీటీ వచ్చిందామే?"
"సాయంత్రం డాక్టరమ్మ చెబుతుంది."
అబద్ధం కాదు.
ఆమె మూర కొలిచింది, నాలుగు పూలు జరిపింది.
నా చెయ్యి దానంతటదే అడ్డం వెళ్లింది:
"చాలు పెంచలమ్మా."

పదమూడేళ్లలో ఎప్పుడూ వద్దనలేదు నేను.
కత్తెర తెరిచి పట్టుకునే
నా మొహంలోకి చూస్తూ ఉండిపోయింది.

తలుపు దగ్గర ఎవరో మళ్లీ సిగ్నల్‌ని తిట్టారు.
ఎర్రగానే ఉంది.
ఉండనీ, ఇంకాసేపు.