నవంబరు వేలిముద్ర

బ్యాంకులో ఆ నల్లపెట్టె
నేను బతికున్నట్టు ఒప్పుకోలేదు.

"మళ్లా పెట్టు పెద్దాయనా" అన్నాడు పిల్లోడు.
మళ్లా పెట్టినా.
బొటనేలు అద్దాన్ని తుడుస్తా ఉండాది గానీ
నిలబడదే.
వెనక వరసలో ఎవరో గొణిగినారు:
"మిలిట్రీ కోటా పొద్దున్నే పడినట్టుంది."

మందు నేను ముట్టినోణ్ణి కాదు.
నా కోటా సీసాలన్నీ తాగింది
జొహరాపురంలో మా బావమరిది.
వాని చెయ్యి ఇప్పటికీ రాయి.

ఈ ఏలు సంగతి చెబుతా.
పూంచి కొండ వాలులో
మంచు కరిగి బురదైన నేల మీద
బోర్లా పండుకొని
జానెడు జానెడు సూది గుచ్చుకుంటా పోయి
మందుపాతర మెడలో
పిన్ను దోపిన ఏలు ఇది.
"ఊపిరి బిగబట్టొద్దు హుసేనప్పా,
బిగబడితే చెయ్యి వణుకుతాది" అనేవాడు ఉస్తాదు.
ఇప్పుడు ఊపిరి వదిలినా వణుకే.
మా నాయన దూదేకే వింటినారి మాదిరి
పొద్దంతా మోగుతాది,
దూదీ లేదు, పరుపూ లేదు.

రెండో శనివారం.
సైనిక సంక్షేమాఫీసు వెనక రేకుల హాలు.
పదకొండు మంది మాజీలం, ఏడుగురు ఆడోళ్లు,
ఒక సువార్తమ్మ.
"సిగ్గుపడే జబ్బు కాదిది, పార్కిన్సన్స్.
పేరు గట్టిగా అనండి" అనింది.
గ్లాసు అడుగున నీళ్ల మాదిరి
వచ్చీరాని గొంతులు.
"సరే, మీ ఆర్మీ నంబర్లు చెప్పండి."
రేకులు అదిరినాయి.

మాత్ర, ఉగ్గానికి అరగంట ముందు.
పప్పూ పాలూ దానికి అడ్డం పడతాయంట.
గుండీలు కింది నుంచి పెట్టుకుంటా రావాల.
సంతకం చీమలబారు అయిపోతే
నాలుగు గీతల కాపీ కొనుక్కోవాల.
డెబ్బై ఒకటో ఏట నాకు కాపీ కొనిచ్చింది మాబ్బీ,
అట్ట కూడా వేసింది.

ఆ మాబ్బీనే లేచి
నేను అడగలేనిది అడిగింది:
"రాత్రుళ్లు నిద్రలో తంతాడు, అరుస్తాడు.
పదిహేనేండ్లుగా.
యుద్ధం కల అనుకొని
ఏనాడూ లేపలేదు నేను.
అదీ దీందేనా?"
సువార్తమ్మ చానాసేపు కాగితాలు సర్దింది.
"కొంత దీనిది. కొంత దానిది కూడా ఉండచ్చమ్మా.
డాక్టరుకు చెబుదాం."
ఆటోలో మేం మాట్లాడుకోలేదు.
కేసీ కాలవ దాటినాక
నా చెయ్యి మీద టమోటాల సంచి పెట్టింది,
బరువుకు.

తిక్కస్వామిది ఆదోని. ఫిరంగుల్లో చేసినాడు.
ఇప్పుడు కల్లూరులో
సొంత గడప కాడ కాళ్లు నేలకు అతుక్కుంటాయి.
లోపల అన్నం చల్లారిపోతా ఉంటే
బయట నిలబడి ఉంటాడు, సెంట్రీ మాదిరి.
"నేల మీద గీతలు పెట్టండి,
ఒక్కొక్కటే దాటుకుంటా వస్తాడు" అనింది సువార్తమ్మ.

గీతలా?
నాకు తెలియనివా?
పాతర్లు ఏరిన దారికి రెండు పక్కలా
తెల్లటేపు పరిచి వచ్చేవాళ్లం,
వెనక వచ్చే పటాలానికి.
ఇక్కడిదాకా మేం చూసినాం, నడవండి అని.

ఆదివారం బళ్లారి చౌరస్తాలో
టేపుచుట్ట కొనుక్కొని పోయినా.
వాళ్ల గడప కాడ మోకాళ్ల మీద కూచొని
అడుగుకొకటి అతికించినా.
ఒక్కటీ తిన్నగా రాలేదు.

తిక్కస్వామి గీతల్ని చూసినాడు.
నా చేతిని చూసినాడు.
"బాగా ఏరినావా?"
"ఏరినా."

ఎడమకాలు లేచింది.

రేపు పదకొండుకు,
మాత్ర పనిచేసే యాళకు, మళ్లా బ్యాంకు.
పెట్టె ఒప్పుకుంటే సరి.
లేకుంటే కాపీ చంకలో ఉంటుంది,
పేజీకి ఒక్కసారే పట్టేంత పెద్దగా
నా పేరు.