బ్యాటరీ నీళ్లు

చండూరు బ్యాటరీల దుకాణంల
ఐదు లీటర్ల డబ్బా చేతికిచ్చుకుంట
"ఇన్వర్టర్‌కా మేడం?" అంటడు పిలగాడు.
తొమ్మిదేండ్ల సంది ఔననే చెప్తున్న.
నా ముక్కుకని చెప్తే
మర్రిగూడ బస్సు తప్పిపోయేంత కథ.

మిషన్ల మామూలు నీళ్లు పొయ్యొద్దన్నడు డాక్టరు.
అడుగున తెల్లగ పేరుకుంటదట,
మిషన్ ఖరాబైతదట.
నవ్వొచ్చింది.
ఊరి బోరింగు కింద దోసిలి పట్టి పెరిగినదాన్ని,
నా పండ్ల మీది గోధుమరంగు చారలు
ఆ నీళ్ల దస్తూరి.
మా నాయిన నలభై ఏండ్లకే వంగిండు,
కాష్టం మీద గూడ సాపుగ పండలే.
పేరుకుంటదని
మాకెవ్వరు చెప్పిండ్రు?

ఇప్పుడు ప్రతి రాత్రి
నా చిన్నతనానికి దొరకని నీళ్లు తాగి
నాకు గాలి పెడతదది.

ముందుగాల పప్పు కాడ దొరికిపోయిన.
అంగన్‌వాడీల పొయ్యి మీద గిన్నె పెట్టి
కూసున్న కాడనే ఒరిగిన.
పప్పు మాడింది.
పిల్లలు గుంజితే గూడ లేవలేదట.
సూపర్‌వైజరమ్మ మెమోల రాసింది: నిర్లక్ష్యం.
ఆ కాయితం ట్రంకుపెట్టెలనే ఉంది,
నల్లగొండ దవాఖాన కాయితం పక్కన:
గంటకు నలభై మూడు సార్లు ఊపిరి ఆగింది.
రెండూ ఒక్క నిద్ర గురించే.

అప్పుడు చెప్పిండు మల్సూరు,
దవాఖాన మెట్ల మీద, నా దిక్కు చూడకుంట:
"గురక ఆగినప్పుడల్లా లేచి
నీ ముక్కు కాడ ఏలు పెట్టి చూసేటోణ్ని.
మనూ పుట్టకముందు సంది.
నీకెందుకు చెప్పుడని."

మాస్కు కట్టిన మొదటి రాత్రి
పీకి గోడకేసి కొట్టిన.
రెండో రాత్రి గూడ.
మూడో రాత్రి చిట్టి డబ్బులు యాదికొచ్చి
మెల్లగ పీకిన.

అలవాటైతదన్నరు. అయింది,
నచ్చని కోడలికి అత్త అలవాటైనట్టు.
గాలి ముక్కు దారి తప్పి కడుపుల జొరబడి
తెల్లారేసరికి పొట్ట డప్పు.
నాలుక రొట్టె కాల్చిన పెంక.
ముక్కు దూలం మీద మానుతూ రేగుతూ ఒక పుండు.
పట్టీ వదులైతే గాలి కండ్లల్లకు కొడతది,
బిగిస్తే దవడ సలుపుతది.
ఆ రెంటి నడుమ ఎంటికంత జాగ ఉంటది చూడు,
అండ్లనే నా నిద్ర.

వానాకాలం కరెంటు పోతే
మాస్కు, నోరు మూసిన చెయ్యి అయితది.
దిగ్గున లేస్త.
మల్సూరు అప్పటికే లేచి ఉంటడు,
నన్ను పక్కకు ఒత్తిగిలబెట్టి
వీపు ఎనక బియ్యం బస్త ఆనిస్తడు.
"పండు. నేనున్న గద."
ఆయన నిద్రకు మిషన్ ఎవరిస్తరో.

పొద్దుగాల నా చెంపల మీద ఎర్ర గీతలు.
బుడ్డ చైత్ర ఏలుతోటి తడిమింది:
"టీచర్, ఎవలు కొట్టిండ్రు?"
రాత్రి ఏనుగునైతనే, తొండం పెట్టుకుంటనని చెప్పిన.
నమ్మలే.
తెల్లారి బుట్టల పెట్టుకొని పోయిన.
పద్నాలుగు మంది వరుస కట్టిండ్రు,
తొండం ఊపిండ్రు, ఘీంకరించిండ్రు,
ఒకడు దాంట్ల తుమ్మిండు.
తొమ్మిదేండ్లల్ల మొదటిసారి
ఆ గొట్టాన్ని చూసి నవ్విన నేను.
సబ్బునీళ్లల్ల రెండుసార్లు కడిగిన.

ఆ పగలు బువ్వలు తిన్నంక
చాపల మీద అందరు పండిండ్రు.
చైత్ర నోరు తెరిచి ఉంది. సన్న గురక.
"మా పిల్లకు మొద్దు నిద్ర టీచర్, అదృష్టం"
అంటది వాళ్లమ్మ.
నేనూ అట్లనే అనుకునేదాన్ని.

గురక ఆగింది.

రిజిస్టరు పక్కకు పెట్టి
మోకాళ్ల మీద పోయి
ముక్కు కాడ ఏలు పెట్టిన.
ఒకటి. రెండు. మూడు.
బయట ట్రాక్టరొకటి పోయింది.
ఆరు.
ఏడు.

ఏలు మీద ఎచ్చగ తగిలింది.

చెయ్యి తీయబుద్ధి కాలే.
పొద్దుగూకంగ వాళ్లమ్మ వస్తది, కూసోబెట్టి చెప్పాలె,
ఏడ మొదలుపెట్టాల్నో తెలుస్తలేదు.
ఇంట్ల డబ్బాల నీళ్లు గూడ అయిపోవచ్చినయి.