ఎలుగు వేసం

శివరాత్రి.
మందస దాటాక కరెంటు స్తంభాలు వెనకబడిపోయాయి.
చీకట్లో మహేంద్రగిరి కనబడదు,
మోకాళ్లకి మాత్రం తెలుస్తోంది.

ముందు దానేసు, ఎలుగు వేసంలో.
వెనక పదహారు మందిమి,
గుండెల మీద తప్పెటగుళ్లు, కాళ్లకి గజ్జెలు,
చెమటకి రంగు దిగుతున్న సిల్కు లాగులు.

తుఫాను కూల్చిన కొబ్బరిచెట్ల పీచు
గోనెల్లో దాచి దాచి
వాళ్లమ్మ కుట్టిందా తోలు, వల అల్లే దారంతో.
మొహం పనసచెక్క.
తోక కూడా పెట్టింది, బారెడు.
ఎలుక్కి అంత తోకెక్కడిదని మేమెవరం అడగలేదు.

చెక్క మొహం కింద ఇంకో మొహముంది,
జీడితోటలో ఒక వేకువజామున
నిజం ఎలుగు చెక్కినది.
ఎడమకన్ను లేదు.
పెదవి కుట్టు దగ్గర మాట జారిపోతుంది.
పలాస బస్సులో అతని పక్క సీటు
నిండు పెళ్లిళ్లలో కూడా ఖాళీయే.
వేసం కడితే మాత్రం పిల్లలు
తోక పట్టుకుని వేలాడతారు.

సగం కొండ మీద, మంచులో,
ఉన్నట్టుండి ఆగాడు.
గుళ్లు ఆగాయి. ఒక్క గజ్జె ఆలస్యంగా ఆగింది.
జీడిపూత వాసనలోకి
తడిసిన కంబళి లాంటి వాసనేదో వచ్చి కలిసింది.
పొద కదిలిందో, మా కళ్లే కదిలాయో.

"దాని కొండకొచ్చినాం, దాని వేసమే కట్టినాం.
అడగాల గదేటి?"
అని రాయి మీద బెల్లంముక్క పెట్టి
వొంగి, వొంగి, వెనక్కి నడిచాడు.
కాసేపటికి మంచులో మంచే మిగిలింది.

పైన భీముడి గుడి దగ్గర
తెల్లారేదాకా ఆడాం.
తల్లులు వరస కట్టారు.
ఎలుగు వెంట్రుక కడితే పిల్లలకి జడుపు పోతుందట.
కొబ్బరిపీచని అందరికీ తెలుసు,
అయినా పీకారు, చేతులకి కట్టారు,
మెడల్లో కట్టారు, చంటిదాని మొలతాడుకీ కట్టారు.
దిగేసరికి దానేసు వీపంతా
కోత కోసిన మడి.

వాగు దగ్గర చెక్క మొహం తీసి
దోసిట్లో నీళ్లు తాగాడు.
పెదవి కుట్టులోంచి సగం కారిపోయాయి.

చంకలో మిగిలిన పోగొకటి తెంపి
నాకేసి చెయ్యి చాపాడు.
"నాకూ కట్టీ. రాత్రులు
దీపమార్పితే నిద్దరట్టదు.
గట్టిగా కట్టు. పీచుకి ముడి నిలవదు."