రెండున్నర మిల్లీమీటర్లు

క్యాలెండరు కాగితం వెనక
లక్కయ్య పెన్సిలుతో గీసిచ్చాడు:
ఒక గొట్టం, రెండు చెవులు, నడుమ తిరిగే ఇరుసు.
పడవ అంచున బిగిస్తే
వల దానంతటదే దొర్లుకుంటూ లోపలికొస్తాదట.

పదహారేళ్ళుగా ఆ అంచుకి రాసుకుని రాసుకుని
తాడు ఆయన అరచేతిలో ఒక కాలవ తవ్వింది.
పులుసన్నం కలిపేటప్పుడు ఉప్పు ఆ కాలవలోకి పారుతుంది.
ఏమీ అనడు.
ఎడంచేత్తో నీళ్ళందుకుంటాడు.

కాగితంలో పొడవుంది, నాలుగడుగులు.
లావుంది, రెండంగుళాలు.
మందం రాయలేదు.
అడుగుదామంటే మనిషి అప్పటికే సంద్రం మీదున్నాడు,
ఫోను గుడిసెలో, చొక్కా జేబులో మోగుతోంది.

ఏడురోడ్ల కాడ గంప ఖాళీ చేసుకుని
పొట్నూరు వారి కొట్టుకెళ్ళాను.
నాతోపాటు నా వాసనా మెట్లెక్కింది.
కుర్రాడు ఫ్యాను కొంచెం అటు తిప్పి
"కర్టెన్లకా అమ్మా?" అన్నాడు.
"కాదు బాబూ. సంద్రానికి."

మొదటిది పెళ్ళికూతురి కడియంలా మెరిసింది.
మొప్ప ఎత్తి చూడకుండా చేప కొనని చెయ్యి ఇది,
మెరుపుని నమ్మదు.
బొటనవేలితో నొక్కాను. సొట్టబోలేదు గానీ
వేలికింద సణిగింది.
ఒక్క పెద్ద టేకుచేప తన్నితే చాలు దీనికి.
ఇనపది వద్దన్నాను;
మా గుమ్మం పక్కనున్న లంగరు
రోజుకో పిడికెడు తుప్పు రాలుస్తోంది.
స్టీలుది ధర విని
వేడి మూకుడు ముట్టుకున్నట్టు వదిలేశాను.

నాలుగోది పన్నెండడుగులుంది.
కంటికి ఆనించుకుని లోపలికి చూస్తే
ఆ చివర పాలకొండ రోడ్డు, వడియమంత:
ఒక ఆటో, ఆవు తోక,
మిగిలినదంతా ఎండ.
గోటితో మీటాను.
కొత్తకుండ కొనేటప్పుడు చెవి దేనికోసం ఆగుతుందో
అది వినిపించింది.
"రెండున్నర మిల్లీమీటర్లు" అన్నాడు కుర్రాడు.
లక్కయ్య రాయని అంకె నా గోటికి దొరికింది.

అప్పటిదాకా లెక్కలు రాసుకుంటున్న షావుకారు
కళ్ళజోడు పైనుంచి చూశాడు.
"స్టీలు బోల్టు నేరుగా బిగించీకు.
ఉప్పునీళ్ళు తగిలితే పక్కనున్న అల్యూమినియాన్ని
అది తినేస్తాది.
మధ్యన రబ్బరు వాషరు ఎయ్యి."

పక్కపక్కనే ఉండి ఒకటి ఇంకోదాన్ని తినడం
మా పేటకి కొత్తా ఏటి?
పడవకి అప్పిచ్చినోడూ
మా చేపకి రేటు కట్టినోడూ ఒకడే.
మధ్యన వేసే రబ్బరు ఎంతో చెప్పమని
ఆ షావుకారునే అడుగుదామనుకున్నాను.
"నాలుగివ్వండి" అన్నాను, వాషర్లు.

కోతలో పోతుందేమోనని
నాలుగడుగుల మీద నాలుగు వేళ్ళు ఎక్కువ కోయించాను.
రంపం కింద వెండి రవ్వలు రాలాయి.
పొలుసులనుకుని
చెంగుతో దులిపేసుకోబోయాను.

బస్సులో కండక్టరు "ఏటమ్మా అది, తుపాకీ?" అన్నాడు.
అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.
సింగుపురం దాటాక కిటికీగాలి గొట్టంలో దూరి
సన్నగా ఊ అంది.
ఒడిలో పిల్ల నిద్రలో ఊకొట్టినట్టు.
ఒక చివర అరచేత్తో మూశాను.
ఆగింది. తీశాను.
మళ్ళీ ఊ అంది.
కళింగపట్నం వచ్చేదాకా అదే పని.

రాత్రి లక్కయ్య ధర అడగలేదు.
గోటితో మీటాడు.
నేను మీటిన చోటే.
"మందంగానే ఉందే" అన్నాడు,
అదేదో తను రాసిచ్చినట్టు.

చెవులు వెల్డింగు చేసే మనిషి
పెళ్ళికి పలాస పోయాడట, ఆదివారానికి గానీ రాడు.
ఇరుసు ఇంకా కొనాలి.
గొట్టం మూల నిలబడి ఉంది, వాషర్లు ఉప్పుడబ్బా మీద.
రేపూ ఆ చేత్తోనే లాగాలి.